పలుపు ఇవ్వని మనిషి

నన్ను ఇంటి పనికని కువైట్ తీసుకుపోయారు. వీసాలో అదే ఉండింది, ఏజెంటూ అదే చెప్పాడు. తీరా దిగాక తెలిసింది, పని చేయాల్సిన ఇల్లు అబూ హలీఫాలో, మేముండాల్సిన గది వఫ్రాలో అని. ఒకటి సముద్రం ఒడ్డున, ఇంకొకటి సౌదీ సరిహద్దు దగ్గర ఎడారిలో. వఫ్రాలో మా కఫీల్‌కు, అంటే మాకు వీసా ఇచ్చిన యజమానికి, ఒక మజరా ఉండేది. మజరా అంటే తోటే. ఖర్జూరం చెట్లు, గొర్రెల మంద, పశువుల మేతకు జత్ అనే పచ్చగడ్డి, ఇంటి పాలకు ఒక ఆవు. మా ఆయన అప్పటికే ఆ తోటలో పనిచేసేవాడు.

"మొగుడూ పెళ్లాం ఒకచోట ఉంటారు, మీకే మంచిది కదా," అంది మామా. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. నాకన్నా చిన్నదైనా నేను ఆమెను అలాగే పిలవాలి, అక్కడి పద్ధతి అది. ఆ మంచికి నేనేం చెల్లించానో ఆమె ఏనాడూ ఆలోచించి ఉండదు. చీకటి విడవకముందే లేచి ఆవును పిండాలి. పాల క్యాను పట్టుకుని రోడ్డు మీదికి పోయి నిలబడాలి. తోటలనుంచి కూరగాయలు తీసుకుపోయే పికప్ వచ్చేది. దాన్ని నడిపే అన్న మా రాయచోటివాడే, సాయిబుల అబ్బాయి. ఆ బండిలో టమాటా పెట్టెల పక్కన కూర్చుని అబూ హలీఫా చేరి, పాలు కాచి, ఇల్లు ఊడ్చి, బట్టలు ఉతికి, వంట చేసి, మళ్లీ ఆ పికప్‌లోనే వెనక్కి. తోట చేరాక జత్ కోయాలి, గొర్రెలకు నీళ్లు పెట్టాలి, ఆవు ఎండకు తట్టుకోవడానికి కొట్టం చుట్టూ కట్టిన గోనెపట్టాలు తడపాలి. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు మునుగుతాడంటారు. నాకు మునగడానికి కూడా తీరిక ఉండేది కాదు.

ఇంత చేసినా ఇద్దరికీ నేను పనికిరానిదాన్నే. నా దగ్గర పేడ వాసన వస్తోందని మామా ముక్కు మూసుకునేది. శుక్రవారం తోటకొచ్చిన కఫీల్, ఆయన్ను బాబా అనేవాళ్లం, నేను ఏసీ ఇంటి పని మరిగి గడ్డి సరిగా కోయడం లేదని మా ఆయనతో చెప్పేవాడు. మా ఆయన తల ఊపేవాడు. ఆ తల ఊపడం చూస్తే నాకు ఒళ్లు మండేది. రాత్రి రొట్టెలు కాలుస్తూ తిడితే, "పోనీలేమ్మే, వాళ్లు అంటారు, మనం వింటాం," అనేవాడు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే.

ఆగస్టు ఎండల్లో ఒక పొద్దున పికప్ రాలేదు. క్యాను పట్టుకుని రోడ్డు మీద నిలబడే ఉన్నాను. పాలు విరిగిపోతాయేమో, మామా తిడుతుందేమో అన్నదే నా దిగులు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిందని పక్క తోటవాళ్లు చెప్పినప్పుడు కూడా, నిజం చెప్తున్నా, నేను ముందు చూసింది క్యానులోకే.

మర్నాడు బాబా కారు తోటలోకి వచ్చింది. పిల్లలు, పెట్టెలు, మామా. సౌదీకి దాటిపోతున్నారు. మామా మొదటిసారి మా గదిలో కాలుపెట్టి, మా గ్లాసులో నీళ్లు తాగింది. ఆమె దేశం పోయింది, ఆమె ఏడుపు నిజం, కాదనను. నాకూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడామె కళ్లు తుడుచుకుని ఇంటి తాళాలు నా చేతిలో పెట్టింది. వీలైనప్పుడల్లా ఇంటికి పోయి మొక్కలకు నీళ్లు పోయాలట. పంజరంలో పిట్టలకు గింజలు వేయాలట. లైట్లు వేసి ఆర్పుతూ ఉండాలట, ఇంట్లో మనుషులున్నట్టు కనిపించడానికి. బాబా మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఆవు జాగ్రత్త, గొర్రెలు జాగ్రత్త అని మాట తీసుకున్నాడు.

"మరి మేము?" అని అడిగాను నాకొచ్చిన అరబ్బీలో.

"మీకేం భయం? మీరు ఇండియావాళ్లు. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు," అంది మామా.

మా పాస్‌పోర్టులు వాళ్ల పెట్టెలోనే ఉన్నాయి. ఆ సంగతి నాకు గుర్తొచ్చేసరికి కారు ఇసుక రేపుకుంటూ పోయింది. సైన్యం వచ్చిన ఊళ్లో ఇంట్లో మనుషులున్నట్టు కనిపించడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషికి ఏమైనా ఫర్వాలేదు.

అయినా పోయానండీ. ఆ మాట చెప్పాలంటే నా మీద నాకే కోపం. పికప్ అన్న మళ్లీ కూరగాయలు తోలడం మొదలుపెట్టాక ఆ బండిలోనే పోయాను. దారిపొడవునా తనిఖీలు. తుపాకులు పట్టుకున్న సైనికులు పెట్టెల్లో చెయ్యి పెట్టి టమాటాలు తీసుకునేవాళ్లు, నన్ను చూసి ఎవరీమె అని అడిగేవాళ్లు. "పనిమనిషి, పనికి పోతాంది," అనేవాడు అన్న. దేశంలో అన్ని పనులూ ఆగిపోయాయి, నా పని తప్ప. మా ఆయన మాట ఇచ్చాడు కదా. రేపు వాళ్లు తిరిగొచ్చి మొక్కలు ఎండిపోయాయంటే ఎవరు సమాధానం చెప్పాలి? మా బుర్రలు అలా తయారయ్యాయి.

కొన్నాళ్లకు ఒకసారి పోయేసరికి ఇంటి తలుపు పగలగొట్టి ఉంది. ఫ్రిజ్ లేదు, తివాచీలు లేవు, టీవీ లేదు. పంజరం నేల మీద పడి ఉంది. హాలంతా గాజుపెంకులు. నేనేం చేశానో తెలుసా? చీపురు తీసుకుని ఊడ్చాను. మూలమూలలా ఊడ్చి, పెంకులు ఎత్తిపోసి, నేల తుడిచి, బయటికొచ్చి తలుపు వేద్దామని చూస్తే వేయడానికి తలుపు లేదు. అప్పుడు వచ్చింది నాకు కోపం. తాళాల గుత్తి గుమ్మంలోకి విసిరికొట్టి వచ్చి బండెక్కాను.

దారిలో అన్న చెప్పాడు. "మన ఇండియావాళ్లందరూ బస్సుల్లో పోతాండారమ్మా. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు. ఆడ్నుంచి విమానం. పాస్‌పోర్టు లేనోళ్లకు ఏదో కాగితం రాసిస్తాండారు. నేనూ పోతా. ఎన్నాళ్లు నడిపిస్తారో తెలీదు, మీరూ వచ్చేయండి."

మా బిడ్డ చిన్నది, ఊళ్లో మా అక్క దగ్గర ఉంది. మేం బతికున్నామో లేదో కూడా వాళ్లకు తెలియదు. ఆ మాటే చెప్పాను మా ఆయనకు, బండి దిగీ దిగకముందే.

ఆయన ఆవుకు గడ్డి వేస్తున్నాడు. "పాలిచ్చే ఆవును కట్టేసి యాడికి పోతాం?" అన్నాడు.

"కట్టేయొద్దు, ఇప్పెయ్."

"ఇప్పేస్తే ఈ ఎడార్లో చస్తాది. మాటిచ్చినా కదమ్మే."

"ఎవరికిచ్చినావ్? మనల్ని ఈడ పారేసి పోయినోళ్లకా?"

"వాళ్లకు కాదులే. ఆవుకు అనుకో."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. చుట్టుపక్కల తోటలు ఖాళీ అవుతున్నాయి. సైనికులు అప్పుడప్పుడూ వచ్చి ఒకటో రెండో గొర్రెల్ని ఎత్తుకుపోతూనే ఉన్నారు. ఈయన మాత్రం పొద్దునా సాయంత్రం మోటారు వేస్తాడు, తొట్లు నింపుతాడు, గోనెపట్టాలు తడుపుతాడు. పిండిన పాలు తాగేవాళ్లు లేక పెరుగు తోడుపెట్టి, మజ్జిగ చేసి, పారబోశాను. చుట్టూ యుద్ధం, మా ఇంట్లో మాత్రం పాడి. నేను రోజూ అడిగాను. ఏడ్చి అడిగాను, తిట్టి అడిగాను, అన్నం మానేసి అడిగాను. ఈ మనిషిని ఈ తోటలోంచి ప్రాణాలతో బయటికి లాగడమే నా పని అయింది, మిగతా పనులన్నిటి మీదా.

చివరికి సైనికుల లారీ ఆవు కోసమే వచ్చింది. మధ్యాహ్నం ఎండ. ముగ్గురో నలుగురో దిగారు. అలిసిపోయిన, ఆకలి మొహాలు. ఒకడు నేరుగా కొట్టంలోకి పోయి గుంజకు కట్టిన పలుపు విప్పబోయాడు. మా ఆయన అడ్డు చెప్పలేదు. నేనాయన చొక్కా పట్టుకున్నాను, విడిపించుకున్నాడు. "యల్లా, తీసుకో, తీసుకో," అని చేత్తో సైగ చేస్తూ ముందుకు పోయాడు. వాళ్లూ తుపాకులు దించారు. హమ్మయ్య, గొడవ లేకుండా పోతుంది, పీడా పోతుంది అనుకున్నాను.

మా వైపు ఒక పద్ధతి ఉంది. గొడ్డును ఎవరికిచ్చినా పలుపు ఇవ్వం. సంతలో అయినా, అల్లుడికైనా. కొన్నవాడు తన పలుపు తెచ్చుకుని కట్టుకోవాల్సిందే, మన పలుపు మన చేతిలో ఉండాలి. పలుపు పోతే ఇంటి పాడి దాని వెంటే పోతుందని. మా మామ అట్లే చేసేవాడు, ఆయన నాయనా అట్లే చేసి ఉంటాడు. మా ఆయన కొట్టంలోకి పోయి, ఆ సైనికుడి పక్కన నిలబడి, ఆవు మెడలోంచి పలుపు తీసేసి చుట్టచుట్టి చేతిలో పెట్టుకున్నాడు. ఇక తీసుకుపొమ్మన్నట్టు పక్కకు జరిగాడు.

ఆ ఆవు ఆయన చుట్టం కాదు, ఆ తోట ఆయనది కాదు, పాడి అంతకన్నా కాదు. తుపాకీ ముందు నిలబడి కూడా ఆ మనిషి చేతులు ఊళ్లో సంతలోనే ఉన్నాయి.

మెడ మీద తాడు లేదని తెలియగానే ఆవు ఒక్క ఉదుటున బయటపడి ఖర్జూరం చెట్ల మధ్యకు పరిగెత్తింది. ఇద్దరు దాని వెనక పడ్డారు. మిగిలినవాడు, మా ఆయన కావాలనే ఆవును విడిపించాడనుకున్నాడు. అనుకోడా మరి? మా ఆయన పలుపు చూపించి ఏదో చెప్పబోయాడు. తెలుగులో. వాడు తుపాకీ మడమతో ఆ పలుపు పట్టుకున్న కుడిచేతి మీద కొట్టాడు. విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నేను మీద పడి అరుస్తూనే ఉన్నాను, ఏ భాషలో అరిచానో తెలియదు. చెట్ల మధ్య తుపాకీ పేలింది. చచ్చిన ఆవును వాళ్ల గొలుసుకు కట్టి లారీ వరకు ఈడ్చుకుపోయారు.

చెయ్యి గుమ్మడికాయంత వాచింది. ఖర్జూరపు మట్టలు చీల్చి బద్దలు పెట్టి, నా చీర చించి కట్టాను. ఒక మందుబిళ్ల లేదు, చూసే డాక్టరు లేడు. ఆయన గోడకు ఆనుకుని ఏడ్చాడు. చేతికి కాదు, ఆవుకు. కాలిందండీ నాకు. నేను అన్ని తనిఖీలు దాటుకుని పిట్టలకు గింజలు వేయడానికి పోయొచ్చిన రోజుల్లో ఈ కన్నీళ్లు ఒక్క చుక్క రాలలేదు.

మర్నాడు అన్న బండి వచ్చింది. అదే ఆఖరిసారి అన్నాడు, బస్సుల దగ్గర బండి వదిలేసి తనూ బస్సెక్కుతున్నాడు. మా ఆయన గొర్రెల వైపు చూశాడు.

"ఇంకా గొర్రెలుండాయి కదమ్మే."

"నువ్వు గొర్రెల్ని మేపుతాండావు, నువ్వు గొర్రెవు కాదు! లెయ్!" అన్నాను.

నేనే మోటారు వేశాను. నేనే తొట్లు నింపాను, దొడ్డి తలుపు తీసి గొర్రెల్ని జత్ మీదికి తోలాను. తినండి, బతికినన్నాళ్లు బతకండి అన్నాను వాటితో. ఆయన్ను రెక్క పట్టుకుని బండెక్కించాను. బస్రా, బాగ్దాద్, జోర్డాన్ ఎడార్లో డేరాలు, ఆ కష్టం అందరూ పడ్డదే, కొత్తగా చెప్పేదేం లేదు. ఊరు చేరాం. చెయ్యి వంకరగా అతుక్కుంది, వేళ్లు ముడుచుకోవు. కొడవలి పట్టలేడు, ముద్ద ఎడమచేత్తో తింటాడు. కువైట్ పోయి ఏం తెచ్చారని అడిగిన ఊరివాళ్లకు ఆ చెయ్యి చూపించేదాన్ని.

యుద్ధం అయిపోయింది. కువైట్ మళ్లీ కువైట్‌వాళ్లదైంది. పికప్ అన్న తిరిగి పోయి, తర్వాతి సంవత్సరం సెలవులో రాయచోటికి వచ్చినప్పుడు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. మంచం వాల్చి టీ ఇచ్చాను.

"మామా కనపడింది. మీ గురించి అడిగిందమ్మా," అన్నాడు.

పిచ్చిదాన్ని, నా మనసు మెత్తబడింది. "ఏమడిగింది?"

"ఇల్లు వదిలి ఎందుకు పోయినారని అడిగింది. ఆవు ఏమాయనని అడిగింది. నేను జరిగిందంతా చెప్పినా. పోయిన ఆవు పోయిందిలే, క్షమించినా, మళ్లీ వచ్చి పనిలో చేరమను అనింది. ఇద్దరికీ వీసా పంపిస్తాదంట."

"ఈయన చెయ్యి సంగతి చెప్పినావా?"

"చెప్పినా."

"దానికేమనింది?"

అన్న టీ గ్లాసులోకి చూశాడు. "గొర్రెలకు నీళ్లు పెట్టడానికి ఒక చెయ్యి చాల్లే అనింది."

నేను నోరు తెరిచేలోపు మంచం అవతలి కొసన కూర్చున్న మా ఆయన అడిగాడు, "ఎప్పుడు రమ్మనింది?"

అన్న చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకున్నాను.

"క్షమించినానని చెప్పింది కదా ఆమె. నేను క్షమించలేదని చెప్పు అన్నా. ఈయన రాడు."

మా ఆయన ఏదో అనబోయాడు. "నువ్వు గమ్మునుండు," అన్నాను. నా మొహం చూసి గమ్మునున్నాడు.