ఒడిబియ్యం చీర మీద పెన్ను మరక

మా ఆవిడకు పుట్టింటి ఆనవాయితీగా వాళ్ల అన్న ఒడిబియ్యం పోసినప్పుడు పెట్టిన చీర అది. లేత గులాబీ రంగు పాలిస్టర్. ఆయన చిట్యాల దగ్గర కౌలు రైతు. జనగామలో నౌకరీ చేసే నేను ఆ చీరను వేళ్లతో నలిపి చూసి, ‘‘ఇంట్ల కట్టుకోను పనికొస్తది తియ్యి’’ అన్నాను. ఆమె దాన్ని మడిచి పెట్టెలో పెట్టింది. అన్న కొత్త ఇంట్లో పాలు పొంగించే రోజుకు మాత్రం ఆ చీరే తీసి మంచం మీద పెట్టుకుంది. అన్న కళ్ల ముందు కట్టుకోవాలని ఆమె పట్టుదల.

ప్రయాణానికి ముందురోజు, ఆమె కూరగాయలకు పోయినప్పుడు, నేను విప్పిన చొక్కాను ఆ చీర మీద పడేశాను. జేబులోని పెన్ను సిరా కక్కింది. కొంగు మీద రూపాయి బిళ్లంత నీలం.

కంగారులో నీళ్లతో రుద్దాను. మరక ఇంకా పాకింది. అప్పుడు కరోనా నాటి శానిటైజర్ సీసా కనిపించింది. కొంగు కింద పాత తెల్లబట్ట మడిచి పెట్టి, దూదితో అంచు నుంచి లోపలికి అద్దాను, రుద్దకుండా. నీలం కింది బట్టలోకి దిగసాగింది. బట్ట జరుపుతూ, మళ్లీ అద్దుతూ పోతే చివరికి పొగలాంటి నీడ మాత్రం మిగిలింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ నీడ కూడా పోవాలని సబ్బు పట్టించాను. కొంగంతా కుంకుమ చల్లినట్టు ఎర్రబడింది.

అప్పుడే ఆమె వచ్చింది. నా నోట మొదట వచ్చిన మాట: ‘‘మీ అన్న పెట్టిన చీర రంగు ఊడుతున్నది సూడు!’’

ఆమె సంచి కింద పెట్టి చూసింది.

‘‘రంగు గాదయ్యా, పసుపు. ఒడిల పసుపు బియ్యం పోసినప్పుడు అంటింది, ఆనాటి నుంచి ఉతకలే. సబ్బు తాకితే పసుపు ఎర్రగైతదని ఎరుక లేదా? ఎన్నడన్న బట్టలు పిండినవా?’’

ఆమె నిమ్మచెక్క పిండితే ఎరుపు విరిగి పసుపైంది. కింద ఆ నీడ తేలింది.

‘‘మరి గిదేంది?’’

‘‘నా పెన్ను’’ అన్నాను.

‘‘చేసింది నువ్వు, బద్నాం మా అన్నకా?’’ అంది. ఆ రాత్రి అన్నం గిన్నె నా ముందు పెట్టేసి వెళ్లి పడుకుంది.

పొద్దున ఆ చీరే కట్టింది. కొత్త ఇంటి దగ్గర వాళ్ల అన్న కొంగు చూసి, ‘‘గీ మరక ఏందే చెల్లె?’’ అన్నాడు. ఆమె నా వైపు చూసింది.

‘‘నా పెన్నుదే బావా. నేనే ఆగం జేసిన’’ అన్నాను.

‘‘కట్టుకునే బట్టకు మరక గాకుంటే ఎట్ల బావా? పెట్టెల పెట్టిన చీరకే గాదు’’ అని ఆయన నవ్వాడు.

ఆ చీరను నేనేమన్నానో ఆయనకు తెలియదు. చెప్పే ధైర్యమూ నాకు లేకపోయింది. తిరుగు బస్సులో ఆమెతోనే అన్నాను: ‘‘ఆనాడు చీరను గట్ల అనకుండ ఉండాల్సింది.’’

‘‘ఇప్పుడు యాదికొచ్చిందా?’’ అని ఆమె కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి, ‘‘జర అటు జరుగు, కొంగు నీ కింద పడ్డది’’ అంది.