చెప్పాపెట్టకుండా

కుక్కను బోనులో పెట్టి ఆఫీసుకు వెళ్ళేటప్పుడు దానికి ఏమీ చెప్పకూడదట. కుక్కల ట్రైనర్ ఆ మాట అన్న రోజు నాకొచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

ముందు బోను సంగతి చెప్పాలి. ఈ పరాయి దేశంలో, సెంబవాంగ్‌లోని మా ఫ్లాట్‌కు ఆ కుక్క షెల్టర్ నుంచి వచ్చింది. నాటుకుక్క, గోధుమరంగుది. అంతకుముందు దాన్ని పెంచుకున్నవాళ్ళు దేశం విడిచి వెళ్తూ, షెల్టర్ గేటుకు కట్టేసి పోయారట. మా ఆయన జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంటుకు చీకటితోనే బయల్దేరతారు. తర్వాత అమ్మాయి స్కూలుకు, నేను బ్యాంకుకు. ఇంట్లో స్వేచ్ఛగా వదిలి వెళ్తే తలుపు చెక్క కొరికి పేళ్ళు మింగింది, కరెంటు వైరు కూడా నమలబోయింది. అందుకే ఇనప బోను కొన్నాం. దాన్ని క్రేట్ అనాలన్నాడు తర్వాత వచ్చిన ట్రైనర్. "ఇట్స్ హర్ రూమ్ లాహ్, అమ్మా," అంది మా అమ్మాయి, ఇక్కడివాళ్ళ యాసలో. బయటి నుంచి గడియ పెట్టేదాన్ని మా కాకినాడలో రూము అనరు. అయినా పేళ్ళు మింగి చచ్చేకంటే బోనే నయమని ఒప్పుకున్నాను.

బోనులో అది ఒకటే ఏడుపు. హాల్లో పెట్టిన కెమెరాలో, ఆఫీసు నుంచే ఫోన్లో చూసేదాన్ని. మూతి పైకెత్తి, గొంతు పోయేదాకా ఊళ పెట్టేది. కింది ఇంట్లో పసిబిడ్డ ఉంది. ఆ తల్లి ఫిర్యాదు చేసింది. ఆవిణ్ణి ఏమీ అనను, నేనైనా అదే చేసేదాన్ని. దాని మీద ఇంటికొచ్చిన ప్రభుత్వ ఆఫీసరు, మళ్ళీ ఫిర్యాదు వస్తే కుక్కను ఉంచుకోవడం కుదరదని మర్యాదగానే చెప్పి వెళ్ళాడు.

అప్పుడు పిలిచాం ట్రైనర్‌ని. సోఫాలో వెనక్కి వాలి, నేనిచ్చిన కాఫీ తాగుతూ చెప్పాడు. వెళ్ళేముందు దాని కళ్ళలోకి చూడకండి. మాట్లాడకండి. బై అసలే వద్దు. తలుపేసుకుని వెళ్ళిపోండి, అంతే.

నేను పెరిగిన ఇంట్లో వీధి చివరికి పాల ప్యాకెట్టు కోసం వెళ్ళినా "వెళ్ళొస్తా" అనాలి. పొరపాటున "వెళ్తున్నా" అంటే అమ్మ గుమ్మంలోనే ఆపి, సరిగ్గా అనిపించి మరీ పంపేది. చెప్పాపెట్టకుండా పోయేవాళ్ళకు మా ఇంట్లో వేరే పేర్లుండేవి, అవి ఇక్కడ రాయను.

"ఒకసారి అలా వదిలేసి పోతేనే కదండీ ఇది గేటు దగ్గర దొరికింది. ఇప్పుడు రోజూ మేమూ అదే పని చెయ్యాలా?" అని ఇంగ్లీషులో అడిగాను. కుక్కలకు మాటలు అర్థం కావు మేడమ్ అని నవ్వాడు. మాటలు అర్థం కానిదానికి "సిట్" ఎలా నేర్పుతావు నాయనా అని నోటిదాకా వచ్చింది.

"ఆయన పని ఆయనకు తెలీదా? నువ్వూరుకో," అన్నారు మా ఆయన.

ఊరుకున్నాను. సొంత ఇంట్లోంచి చెప్పులు చేత్తో పట్టుకుని దొంగలా బయటపడేదాన్ని. దానికి తెలియదా ఏంటి? నేను బ్యాగు తీయగానే చెవులు వెనక్కి వాల్చేసేది. నేను మొహం తిప్పుకునేదాన్ని. ఇంకో కుక్కకు ఆ పద్ధతి పనికొస్తుందేమో, మా కుక్క మాత్రం ఇంకా ఎక్కువ ఏడ్చింది. రెండో ఫిర్యాదు వచ్చింది.

ఒక ఆదివారం దాన్ని షెల్టర్‌కు తీసుకెళ్ళి అప్పగించాం. మా అమ్మాయి రానంది, గదిలోంచే బయటికి రాలేదు. అక్కడ రబ్బరు బూట్లు వేసుకుని నేల కడుగుతున్న ఆంటీ గొలుసు అందుకుని, జాలీ తలుపు వెనక్కి పంపింది. "బై చెప్పొద్దు లాహ్. తిరిగి చూడకుండా వెళ్ళండి. దానికదే ఈజీ," అంది.

దానికా, మనకా? అందరూ నోరులేని జీవి పేరు చెప్పి మనిషికి సులువైన దారి చూపించేవాళ్ళే. నేను వంగి జాలీలోంచి వేళ్ళు పెట్టాను. అది నాకింది. "వెళ్ళొస్తానే," అన్నాను.

ఏమన్నానో బస్సెక్కి కూర్చున్నాక గానీ తెలియలేదు. మా ఆయనకు చెప్పాను.

"అలవాటుగా అన్నావులే. కుక్కకేం తెలుస్తుంది?" అన్నారు.

దానికి తెలియకపోవచ్చు. నాకు తెలుసు కదా.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి షెల్టర్‌కు వెళ్ళాను. దాన్ని తీసుకుని తిరిగి వస్తుంటే ప్లాంటు నుంచి ఆయన ఫోన్. విషయం చెప్పాను. కింది ఇంటివాళ్ళకు ఏం చెబుతావు, ఆఫీసరు మళ్ళీ వస్తే ఏం చేస్తావు అని అడిగారు. కింది ఇంటి తలుపు నేనే తట్టి ఆవిడతో మాట్లాడతానన్నాను. కొన్ని రోజులు ఇంటి నుంచి పని చేస్తానని ఆఫీసులో అడుగుతానన్నాను. వాళ్ళు కాదంటే ఏం చెయ్యాలో నాకు నిజంగానే తెలియదు, ఆ మాటా చెప్పాను.

"ఏమీ తేలకుండా మరి ఎందుకెళ్ళావు?"

"వస్తానని చెప్పాను కాబట్టి," అన్నాను.