దసరాకు కడిగిన ఓడ

రిటైరైన మనిషి బుద్ధిగా కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి పోయి ప్రదక్షిణలు చేసుకోవాలి. నేను ఓడ కట్టడం మొదలుపెట్టాను. నా ఖర్మ. బస్సు డిపోలో ముప్ఫై ఏళ్లు ఇంజన్లు విప్పిన చేతులు ఊరికే ఉండలేక, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బొమ్మల దుకాణం నుంచి బొమ్మ ఓడ కట్టుకునే చెక్క సామాను పెట్టె కొనుక్కొచ్చాను.

సన్నటి చెక్క పట్టీలను వేడినీళ్లలో నానబెట్టి, మెల్లగా వంచి, ఓడ పక్కటెముకల మీద ఒక్కొక్కటే జిగురుతో అతికించాలి. పెట్టెలోని కాగితం మీద ఎంత సులువుగా రాశారో! నేను వంచితే ఫట్టున విరిగేవి. విరగనివి వంకరపోయేవి. నెలకు నాలుగు అతికితే గొప్ప.

ఎల్బీనగర్‌లో మా పక్కింటాయనది కాకినాడ. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. వాళ్ల నాన్న రేవులో నావలు బాగుచేసేవాడట, అందుకని ఓడల సంగతి ఈయనకే తెలుసు. రోజూ సాయంత్రం వచ్చి నా కుర్చీలోనే కూర్చునేవాడు. "అలా కాదండీ, ఇటివ్వండి" అని లాక్కుని, నేను నెలంతా కుస్తీపట్టిన పని అరగంటలో చేసేవాడు. నేను అతికించినవి ఊడబీకి మళ్లీ అతికించేవాడు. ఒళ్లు మండిపోయేది. ఇంతకీ ఓడ ఎవరిది?

అవి ఉద్యమం జోరుమీదున్న రోజులు. పొద్దున పాత డిపో దోస్తులతో దీక్షా శిబిరంలో కూర్చుని జై తెలంగాణ అనేవాణ్ణి. సాయంత్రం ఆయన పక్కన కూర్చుని పట్టీలు అందించేవాణ్ణి. మా మధ్య ఆ ప్రస్తావనే వచ్చేది కాదు. ఒకరోజు మాత్రం తలెత్తకుండా అన్నాడు. "ఇల్లు బేరం పెట్టానండీ. మావాళ్లంతా వెళ్లిపోదామంటున్నారు. ఈ ఓడ పూర్తి చేసి మీ చేతిలో పెట్టి మరీ వెళ్తాను."

నాకు తెలంగాణ కావాలి. ఈయన కూడా ఇక్కడే ఉండాలి. ఆ రెండో మాట ఎంతకీ నోటికి రాలేదు. "జిగురు కారుతున్నది, చూస్కోండ్రి" అన్నాను. అప్పటినుంచి ఆయన ఇంకా తొందరగా చేయసాగాడు. దసరాకు పది పట్టీలే మిగిలాయి.

పండుగనాడు శిబిరం నుంచి మధ్యాహ్నం ఇంటికొచ్చాను. స్కూటర్, కుట్టుమిషన్ తళతళలాడుతూ కుంకుమ బొట్లతో ఉన్నాయి. ఓడ నీళ్ల టబ్బులో ఉంది. సగం పట్టీలు ఊడి పైన తేలుతున్నాయి.

"ఇంట్ల బండ్లన్ని కడిగి పూజ చేస్తున్న, గిదొక్కటి దుమ్ముతోని ఎట్ల పెడ్త?" అంది మా ఆవిడ. "ఓడ అన్నంక నీళ్లల్ల ఉండేదే గద."

"ఇంక రంగు గూడ వెయ్యలే, గా జిగురు నానితే ఏమైతదో తెల్వదా?" అని పండుగపూట ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. ఆ కేకలకు పక్కింటాయన వచ్చాడు. టబ్బులోకి వంగాడు. పట్టీలు ఒక్కొక్కటే తీసి తుండుగుడ్డ మీద ఆరబెట్టి, నా కుర్చీలో కూర్చున్నాడు.

"మళ్లీ మొదటినుంచేనండీ. నేను చేస్తే రెండు నెలలు."

"నేను చేస్తే?"

"మీరా? రెండేళ్లు పడుతుంది."

"అయితే లేవుండ్రి సారూ" అన్నాను. "గీసారి మొత్తం నేనే చేస్త."