గిడియోన్ కనిపెట్టిన చేపల జాగ

మేడ్చల్‌లో ఫ్యాన్లు బాగుచేసే గిడియోన్ మాటలు వింటే, శామీర్‌పేట చెరువును వాళ్ల తాతే తవ్వించాడనుకోవాలి. శివరాత్రి దాటి చలి తగ్గుముఖం పట్టిందంటే, ఎండ కాచుకోవడానికి చేపలు ఏ ఒడ్డుకు వస్తాయో ఆయనకు చెప్పే వస్తాయట!

ఈ శనివారం సుచిత్ర చౌరస్తా నుంచి బామ్మర్ది అన్వేష్ భోజనానికి వస్తానన్నాడు. "మార్కెట్ చేప తెచ్చినవో, నేను ముట్ట. నేను పట్టిన రవ్వ చేపనే వండాలె," అని భార్య క్రిస్టీనాకు హుకుం జారీ చేశాడు మహానుభావుడు.

చెరువులో తుంగ గడ్డి పక్కన, పొద్దున్నే ఎండ పడే లోతులేని మూల ఒకటి వెతికి పట్టుకున్నాడు. చేపలు రుచి మరగాలని వారమంతా అక్కడ తవుడు ముద్దలు వేసి వచ్చాడు. కన్నపిల్లలకైనా అంత ముద్దుగా తినిపించి ఎరగడు. అంతవరకు బాగానే ఉంది. కానీ గొప్ప చెప్పుకోకపోతే ఆయనకు తిన్నది అరగదాయె! శుక్రవారం ఆ మూలన ఫొటో దిగి, "నా ఒక్కనికే తెలిసిన జాగ" అని వాట్సాప్ స్టేటస్ పెట్టాడు.

తెల్లారి గాలం భుజాన వేసుకొని పోతే అక్కడ జాతర! కాలు పెట్ట సందు లేదు. నడుమ కూర్చున్నది అన్వేషే. పక్కన బుట్టలో పెద్ద రవ్వ కొట్టుకుంటోంది.

"బావా, మస్తు జాగ జూపిచ్చినవ్! నీ స్టేటస్ జూసి జల్దీ లేసొచ్చిన."

"అరే, గది నేను మేపిన చేపరా!"

"గందుకే మంచిగ బలిసింది."

ఇంట్లో క్రిస్టీనా తమ్ముడి చేప చూసి మురిసిపోయింది. కత్తిపీట మాత్రం మొగుడి ముందు పెట్టింది.

"ఊకె నిలబడ్డవేంది? పొలుసు తియ్యి. నా తమ్మునికి ఆకలైతాంది."