కిత్తనార బెండ్లు

మొన్న పిల్లలతో కుప్పం అడవిలో వంక వెంబడి నడుస్తుంటే నార తీసే ముళ్ల మట్టల కిత్తనార మొక్క మధ్య నిలువుగా ఎండిన పూలకాడ కనబడింది. చేతిలోకి తీసుకున్నాను. బరువే లేదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా మేనత్త మేకలు తోలుకుని ఆ అడవికే పోయేది. వెంట నన్నూ తీసుకుపోయేది. నీళ్లు దూకేచోట మడుగుంది. అలాంటి కాడనే కోసి, నీళ్లలో తేలేందుకు నాలుగు బెండ్లు నా వీపుకు కట్టి, తను నీటి అడుగు బండమీద గొంతులోతులో నిలబడేది.

"కాళ్లు కొట్టు పాపా, నేనుండాను కదా!"

రోజుకొక బెండు తీసేసేది.

"యాల తీస్తావత్తా?"

"పొయ్యిలోకి కావాల."

పొయ్యి కోసం నన్ను ముంచేస్తోందని ఏడ్చేదాన్ని. ఐదోనాడు ఒక్క బెండూ లేకుండానే ఈదుకుంటూ పోయి అవతలి బండను పట్టుకున్నాను.

"నువ్వూ రా అత్తా!" అని అరిచాను. నవ్వింది గానీ, కదల్లేదు. నామీద కోపమేమో అనుకున్నాను.

మొన్న ఇంటికొచ్చి ఆ కాడ చూపిస్తే అమ్మ నవ్వింది. "మీ అత్తకు ఈత యాడ వస్తాదమ్మా!"

పాచి పట్టిన బండమీద, గొంతులోతు నీళ్లలో, ఆ ఐదు రోజులూ అత్త వీపుకు ఒక్క బెండూ లేదు.