మా అక్క కంప్యూటర్‌కు ప్రాణప్రతిష్ఠ

కొత్త కంప్యూటర్‌ను సొంత చేతులతో బిగించి, నలుగురి ముందు స్విచ్ నొక్కి, నల్లటి తెర ముందు పొద్దెక్కే దాకా గుడ్లప్పగించి కూర్చున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నష్టమేం లేదు, ఆ మనిషిని నేనే. ఆ పొద్దు ఇంకొంచెంలో మా అక్క షాపు పుట్టకముందే పోయేది. అంతా నా చేతి చలవే.

మా అక్క సుజాతను వేంపల్లెలో ఇచ్చారు. పెళ్ళికి ముందు కర్నూలులో డిజైనింగ్ నేర్చుకుంది. పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు చేసే చిన్న షాపు పెట్టుకోవాలని ఆమెకు ఎన్నాళ్ళ నుంచో కోరిక. బావకు అభ్యంతరం లేదు. ఉన్నదల్లా బావ వాళ్ళమ్మ నాగమ్మత్తకే. ఇంటి ముందు గది శెనక్కాయ మూటలు పెట్టుకునేది, దాంట్లో షాపేమిటని ఆమె వాదన. అక్క బతిమాలీ బతిమాలీ చివరికి ఒక మాట మీదికి తెచ్చింది.

"బుధారం మంచిది. ఆ పొద్దు పన్నెండు లోపల నీ మిషను పని చేసిందా, షాపు పెట్టుకో. పన్నెండు దాటితే రాహుకాలం. ఇంక ఆ గది శెనక్కాయలదే. మల్ల నన్ను అడగాకు" అంది నాగమ్మత్త.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడే నేను దూరాను.

"బిగించింది కొనేదెందుకక్కా? సామాన్లు తెప్పిస్తే నేనే బిగిస్తా. వీడియోలు శానా చూసినా" అన్నాను.

"మిక్సీకి ప్లగ్గు మారుస్తానని ఇంట్లో ఫీజులన్నీ ఎగరగొట్టినోడివి నువ్వు" అంది అక్క.

"అది మిక్సీ. ఇది కంప్యూటరు."

ఈ జవాబులో ఏం న్యాయముందో నాకిప్పటికీ తెలియదు. అక్క మాత్రం నమ్మింది. తమ్ముడి మీద ప్రేమ మనుషుల చేత ఎంత పనైనా చేయిస్తుంది.

మంగళవారం సాయంత్రానికి అంతా బిగించేశాను. అప్పుడే ఒకసారి వేసి చూసుకోవచ్చు కదా అని మీరడుగుతారు. అడగండి, మీకా హక్కు ఉంది. ముహూర్తానికి ముందు స్విచ్ వేస్తే అపశకునమని ఆపింది నాగమ్మత్త కాదు, నేను. ఆమెను మెప్పిద్దామని అన్నాను. ఆమె మెచ్చుకుంది కూడా. "పిల్లోనికి పద్ధతి తెలుసు" అంది. ఆ ఒక్క మెప్పు కోసం మర్నాడంతా చెమటలు కక్కాను.

బుధవారం పొద్దున టెంకాయ కొట్టారు. నాగమ్మత్త మానిటర్ కింది అంచు మధ్యలో గంధం పూసి, రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు పెట్టింది. బోణీ బేరానికి పక్కవీధి ఓబులేసప్ప వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మనవడి మొదటి పుట్టినరోజుకు ఫ్లెక్సీ కావాలి ఆయనకు. పిల్లోడి ఫోటో ఫోన్‌లో పెట్టుకుని వచ్చాడు.

మా వైపు ఏ పని మొదలుపెట్టినా ముందు పనిముట్టును ముట్టి కళ్ళకద్దుకుంటాం. బస్సాయన స్టీరింగును, అంగడాయన తక్కెడను, దర్జీ మిషన్ను. నేనూ సీపీయూకూ మానిటర్‌కూ కలిపి ఉన్న కరెంటు ప్లగ్గు పెట్టి, మానిటర్‌ను బొట్టు దగ్గర కుడిచేత్తో ముట్టి, కళ్ళకద్దుకుని, సీపీయూ స్విచ్ నొక్కాను.

ఫ్యాన్లు తిరిగాయి. లోపల రంగురంగుల లైట్లు వెలిగాయి. తెర మాత్రం నల్లగా ఉంది.

"బొమ్మ యాడప్పా?" అన్నాడు ఓబులేసప్ప.

"వస్తాదిలే పెద్దాయనా. కొత్తది గదా, ఆలోచన చేసుకుంటాది."

కాసేపు చూశాం. దాని ఆలోచన తెగలేదు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఇక్కడ మానిటర్ మొహాన శని కూర్చుంది.

వీడియోల్లో చెప్పింది నాకు కంఠతా వచ్చు. బొమ్మ రాకపోతే ముందు ప్లగ్గు పీకాలి. ఆ తర్వాత ర్యామ్ తీసి, దాని కాళ్ళను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్ళీ గట్టిగా నొక్కి పెట్టాలి. అట్లే చేశాను. ప్లగ్గు పెట్టగానే మానిటర్ మీద కంపెనీ పేరు ఒక్క క్షణం మెరిసి పోయింది.

"చూసినావా అక్కా, మానిటర్‌కు ఏం కాలేదు. తప్పంతా డబ్బాలోనే ఉండాది" అని తీర్పు చెప్పి, మానిటర్‌ను ముట్టి కళ్ళకద్దుకుని స్విచ్ నొక్కాను. చీకటి.

ప్రతిసారీ అట్లే ప్లగ్గు పీకి మళ్ళీ పెడుతూ పోయాను. కేబుల్ మార్చాను. ముట్టి మొక్కి నొక్కాను. చీకటి. లోపలి చిన్న బ్యాటరీ తీసి పెట్టాను. ఇంకొంచెం భక్తిగా మొక్కి నొక్కాను. చీకటే. ఆడలేనివాడు మద్దెల ఓడు అన్నాడట. నేను వరసగా ర్యామ్ ఓడు, బోర్డు ఓడు, చివరికి వేంపల్లె కరెంటే ఓడు అన్నాను.

"కరెంటు బాగుండాది. మా ఇంట్లో టీవీ వస్తాంది" అన్నాడు ఓబులేసప్ప.

"టీవీ వేరు పెద్దాయనా."

"బొమ్మ వస్తాది గదా దాంట్లో."

నేను ప్లగ్గు పీకి మళ్ళీ డబ్బాలో తల దూర్చాను. నాగమ్మత్త గడప మీద కూర్చుని గడియారం చూస్తోంది. పదకొండున్నర దాటాక మెల్లగా లేచింది.

"సుజాతా, మొగుడికి ఫోన్ చెయ్. ట్రాక్టరు తెమ్మను. మూటలు ఈ పొద్దే దించుకుందాం."

"ఇంకా పన్నెండు కాలేదత్తా" అంది అక్క.

"వీడు చేస్తాండేది చూస్తే మల్లా బుధారానికి గూడా కాదు."

అక్క గోడకు తగిలించిన పెళ్ళికార్డుల నమూనాలను ఒక్కొక్కటే తీసి సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే దేవుడి మీద కోపమొచ్చింది. పొద్దున్నుంచి ఇంత నిష్ఠగా మొక్కినవాడి మీద ఇంత కక్షా అనిపించింది. డబ్బా మూశాను, ప్లగ్గు పెట్టాను, ఈసారి ముట్టలేదు, మొక్కలేదు, కళ్ళకద్దుకోలేదు. నీ చావు నువ్వు చావు అనుకుంటూ స్విచ్ నొక్కాను.

బొమ్మ వచ్చింది.

నిజంగానే వచ్చింది, నీలంగా, నిండుగా. అక్క సంచి కింద పెట్టేసింది. ఓబులేసప్ప ఫోన్ పట్టుకుని లేచాడు. నాగమ్మత్త గడియారం చూసి, "ఇంకా పది నిమిషాలుండాది" అని ఒప్పుకుంది.

నా సంగతి వేరు. దేవుణ్ణి అనరాని మాటలన్నాను కదా, పశ్చాత్తాపంతో కుంగిపోయాను. వంగి, మానిటర్ బొట్టు దగ్గర చెయ్యి పెట్టి, "తప్పయింది స్వామీ" అని కళ్ళకద్దుకున్నాను.

తెర నల్లబడింది.

"మల్లేం చేసినావప్పా?" అంది నాగమ్మత్త.

"ఏం చేయలేదత్తా. మొక్కినా, అంతే."

"యాడ మొక్కినావో ఆడనే మల్ల మొక్కు."

మొక్కాను. బొమ్మ వచ్చింది. మళ్ళీ మొక్కాను. పోయింది. మళ్ళీ మొక్కాను. వచ్చింది.

"దేవుడు బలే పలుకుతాండాడు" అన్నాడు ఓబులేసప్ప చేతులు జోడించి.

అక్క మాత్రం చేతులు జోడించలేదు. వచ్చి, వంగి, అంచు మీది బొట్టును చీర కొంగుతో తుడిచింది. కింద చిన్న లైటు, లైటు పక్కనే వేలు తగిలితే చాలు పనిచేసే బటన్ బయటపడ్డాయి.

"ఒరే సీనా, ఇది మానిటర్‌ను ఆపే బటన్ రా. ప్లగ్గు పెట్టినప్పుడు అది దానికదే లేస్తాంది. నువ్వు మొక్కి మొక్కి పండబెడతాండావు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. దేవుడు పొద్దున మొదటి స్విచ్‌కే ఇచ్చేశాడు. అడ్డం పడిన పూజారిని నేను. కొండంతా తవ్వాను, ఎలుక నా వేలి కిందే ఉంది.

నాగమ్మత్త కోడలితో, "బొమ్మ వచ్చింది, పన్నెండు కాలేదు. అన్నమాట అన్నమాటే. షాపు పెట్టుకో" అంది. అక్క నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అత్త గడప దాటబోతూ ఆగి, "పద్ధతి తెలిసినోడని అనుకుంటి. వీనికి పద్ధతి ఎక్కువైంది" అంది.

ఓబులేసప్ప మనవడి ఫ్లెక్సీ ఆ సాయంత్రానికి తయారైంది. పిల్లోడి తల మీద కిరీటం, వెనకాల రెండు సింహాలు. షాపు ఇప్పుడు బాగా నడుస్తోంది. శెనక్కాయలకు వేరే గది కట్టించుకున్నారు.

అందుకని ఆ మానిటర్ సాక్షిగా, చెరిపేసిన ఆ కుంకుమ బొట్టు సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ప్లగ్గు ఉన్న ఏ వస్తువునూ నేను ముట్టి మొక్కను. మొక్కాల్సి వస్తే వాకిట్లో నిలబడి, చెప్పులు కూడా విప్పకుండా, దూరం నుంచే దండం పెడతాను. మొన్న ప్రింటర్ పాడైందని అక్క పిలిస్తే వేంపల్లె వెళ్ళాను. గడపలో నాగమ్మత్త కనబడింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని లోపలికి పోయాను.