అమ్మకు నేను చెప్పని కంట్రోల్ జెడ్

మా చిన్నప్పుడు... సాయంత్రం టీ గ్లాసులు కడిగేశాక, అమ్మ పాత క్యాలెండర్ తీసి, వెనక్కి తిప్పి నేలమీద పరిచేది. దాని మీద నేను స్కెచ్ పెన్నుతో కంప్యూటర్ కీబోర్డు గీశాను. అమ్మ మఠం వేసుక్కూర్చుని ఆ కాగితం మీద వేళ్లు పెట్టేది... ఎదురుగా పంతులమ్మలా నేను.

సీతాఫల్‌మండిలో రెండు గదుల ఇల్లు మాది. అమ్మ నేను చదివే స్కూల్లోనే, ఆఫీసులో టైపిస్టు. నాన్న పోయాక ఆ ఉద్యోగమే మాకు ఆధారం. నేనప్పుడు ఏడో తరగతి...

ఆ ఏడాది ఆఫీసులోకి కంప్యూటర్ వచ్చింది. ప్రిన్సిపాల్ మేడమ్ అమ్మని పిలిచి, "కరుణ గారూ, ఈ టర్మ్ అయ్యేలోపు మీరు నేర్చేసుకోవాలి. లేకపోతే కంప్యూటర్ వచ్చినవాళ్లని తీసుకోక తప్పదు" అన్నారట.

ఆ మాట చెప్పి, అమ్మ బియ్యం ఏరుతూ కూర్చుంది. చాలాసేపటికి... "మీకు ల్యాబ్‌లో నేర్పుతున్నారు కదమ్మా, నాకు కాస్త చెప్తావా?" అంది.

అలా మొదలయ్యాయి మా పాఠాలు. కంట్రోల్ నొక్కిపట్టి ఎస్ కొడితే రాసింది దాస్తుంది. సి కొడితే నకలు తీస్తుంది, వి కొడితే ఆ నకలు ఇంకోచోట పెడుతుంది. ఏ కొడితే ఉన్నదంతా ఒక్కసారే ఎంచుకుంటుంది...

"షిఫ్ట్ లాగే పట్టుకోవాలన్నమాట" అనేది అమ్మ. డైరీలో తెలుగులో రాసుకునేది... 'కంట్రోల్ ఎస్ : భద్రపరచుట.'

కానీ ఇరవై ఏళ్ల టైప్ మిషన్ అలవాటు ఎక్కడికి పోతుంది? ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు కూర్చోబెడితే, ఒకటి అంకె బదులు చిన్న ఎల్ కొట్టేది, మిషన్‌లో ఒకటి ఉండేది కాదు మరి. కంప్యూటర్ తానే వరస మార్చుకుంటున్నా, ప్రతి వరస చివరా ఎంటర్ నొక్కేది.

"అబ్బా అమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి? ఇది టైప్ మిషన్ కాదు!" అని విసుక్కునేదాన్ని.

అమ్మ తల వంచుకుని మళ్లీ మొదటినుంచి కొట్టేది...

ఇంట్లో పాఠాల చివరి రోజు ఇంకొక్కటి మిగిలింది. కంట్రోల్ జెడ్... చేసిన తప్పుని వెనక్కి తీసుకునేది. ఇంతలో కింద నుంచి నా స్నేహితురాళ్లు ఆటకి పిలిచారు.

"ఇంకేమన్నా ఉన్నాయా?" అంది అమ్మ, డైరీ పట్టుకుని.

"అంతే అమ్మా, అయిపోయాయి. ఏం చేసినా వెంటనే ఎస్ మాత్రం కొట్టు, మర్చిపోకు" అని చెప్పులేసుకుని పరుగెత్తాను.

రెండు వారాల తర్వాత... మధ్యాహ్నం అన్నం బెల్లప్పుడు అటెండర్ యాదగిరి అంకుల్ నా క్లాసుకొచ్చాడు. "పాపా, జెర ఆఫీసుకు రా. మీ అమ్మ పరేషాన్ల ఉన్నది."

అమ్మ కుర్చీ పక్కన నిలబడి ఉంది. కంప్యూటర్ తెర తెల్లగా ఉంది.

పదో తరగతి పిల్లల జాబితా... నూట ముప్పై మంది పేర్లు, తండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు. మిగతా పనుల మధ్య నాలుగు రోజులు కూర్చుని కొట్టింది. మర్నాడు పొద్దున్నే పరీక్షల ఆఫీసుకి పంపాలి.

"అక్షరాలు పెద్దవి చెయ్యమన్నారు. అంతా ఎంచుకున్నాను... చెయ్యి దేనికో తగిలింది. మొత్తం పోయి ఒక్క అక్షరం మిగిలింది. నువ్వు చెప్పావు కదా అని వెంటనే ఎస్ కొట్టాను. మూసి మళ్లీ తెరిస్తే వస్తుందేమో అనుకున్నానమ్మా..."

మూయకముందు కంట్రోల్ జెడ్ కొట్టి ఉంటే అంతా వచ్చేసేది. నేను చెప్పినవన్నీ అమ్మ తు.చ. తప్పకుండా చేసింది... చెప్పనిది ఒక్కటే చెయ్యలేదు.

ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చి తెర చూశారు. "సాయంత్రానికి నా టేబుల్ మీద ఉండాలి" అని వెళ్లిపోయారు.

అమ్మ ముఖం కడుక్కుని వచ్చింది. నేను టీచర్‌ని అడిగి, ఆఫీసులోనే ఉండిపోయి, అడ్మిషన్ రిజిస్టర్ తెరిచి పేర్లు చదవడం మొదలుపెట్టాను.

అప్పుడు చూశాను మా అమ్మ వేళ్లని... మొదటిసారి సరిగ్గా. కీబోర్డు వైపు చూడటం లేదు. నేను ఒక పేరు చదివేలోపు ఆవిడ దాన్ని ముగించి, "ఊఁ... తర్వాత?" అంటోంది. ప్రతి పది పేర్లకీ ఎడమచేతి చిటికెన వేలు కంట్రోల్ మీదికి వెళ్తోంది. నేనే చదవలేక తడబడ్డాను. ఇన్నాళ్లూ నేను విసుక్కున్నది ఈ మనిషి మీదా...

స్కూల్ వదిలారు. పిల్లలంతా వెళ్లిపోయారు. యాదగిరి అంకుల్ టీ తెచ్చి పెట్టాడు. "జెర చాయ్ తాగుండ్రి మేడమ్. మీరు పొయ్యేదాక గేటు నేను మూయ, ఫికర్ చెయ్యకుండ్రి."

పొద్దు వాలే వేళకి ప్రింటర్ కదిలింది. ప్రిన్సిపాల్ మేడమ్ కాగితాలు ఒక్కొక్కటే చూసి, సంతకం పెట్టి, "రేపట్నుంచి మిగతా క్లాసుల లిస్టులు కూడా ఇందులోనే కొట్టండి కరుణ గారూ" అన్నారు. అమ్మ ఉద్యోగం నిలబడిందని అప్పుడు తెలిసింది.

ఇంటికి నడిచి వస్తుంటే, రైలు పట్టాల మీది వంతెన దగ్గర ఇక ఆపుకోలేకపోయాను. "అమ్మా... కంట్రోల్ జెడ్ అని ఒకటుంది. అది కొట్టుంటే అంతా తిరిగొచ్చేది. నేనే... ఆటకి వెళ్లాలని చెప్పలేదు."

అమ్మ ఆగింది. కింద నుంచి లోకల్ రైలు పోతోంది. అది పూర్తిగా వెళ్లేదాకా దానికేసే చూసింది.

"రేపు చెప్పు, రాసుకుంటాను" అంది. రెండడుగులు వేసి... "కాస్త నెమ్మదిగా చెప్పమ్మా. నాకు ఒకసారికి రాదు."

తిట్టినా అంత ఏడ్చేదాన్ని కాదు.

రిటైరయ్యేదాకా అమ్మ అక్కడే పనిచేసింది. కొత్తగా చేరిన ఎందరికో తనే నేర్పింది. ఒక్కరి మీదా విసుక్కోలేదని ఆవిడ పోయినప్పుడు వచ్చినవాళ్లు చెప్పారు...

ఇప్పుడు మా ఇంట్లో నలుగురం, నాలుగు తెరలు. ఎవరికి ఏది రాకపోయినా ఫోన్‌నే అడుగుతాం. అది విసుక్కోదు, ఆటకి పరుగెత్తదు... కానీ పక్కనున్న మనిషిని "కాస్త చెప్తావా" అని అడగడం మాత్రం మానేశాం.

మీరు చిన్నప్పుడు అమ్మకో నాన్నకో ఏం నేర్పారు? ఓపిగ్గానే నేర్పారా...?